కళ్ళు మూసుకుంటే తమ్ముడి మొహమే కనబడుతోంది! – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో రెండు సాధనల గురించి రాశాం. ఒకటి శ్వాస గమనిక: ఊపిరి వచ్చిపోవడాన్ని గమనిస్తూ, మనసు పక్కకు పోయినప్పుడల్లా పోయిందని తెలుసుకుని మళ్ళీ ఊపిరి దగ్గరికి రావడం. రెండోది మైత్రీ భావన: ఒక మనిషిని తలుచుకుని, వాళ్ళ మంచి కోరే నాలుగు మాటలు లోపల అనుకోవడం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువగా కనిపించిన మాట ఒకటే: ‘చదివితే బాగుంది, చేస్తే కుదరలేదు’. ఎక్కడ కుదరలేదో విడమరిచి రాసినవాటిని ఈసారి తీసుకున్నాం.

పొద్దున్నే లేచి పది నిమిషాలు కూర్చుంటున్నాను. ఊపిరి మీద మనసు పెట్టగానే పాల లెక్క, పిల్లాడి ఫీజు, కరెంటు బిల్లు అన్నీ వరసగా వచ్చేస్తాయి. పోనీ గట్టిగా పట్టుకుందామంటే తల దిమ్ముగా ఉంటోంది. నాకు ధ్యానం రాదని వదిలేయమంటారా?
– గృహిణి, కావలి

వదిలేయొద్దమ్మా. మీ ఉత్తరంలో రెండు వేరువేరు సంగతులున్నాయి. ఆలోచనలు రావడం ఒకటి, తల దిమ్ము ఇంకొకటి. మొదటిది తప్పే కాదు. రెండోది మాత్రం చేసే తీరులో ఉన్న తేడా.

తల దిమ్ము సంగతి ముందు చూద్దాం. ఊపిరిని చూడమంటే చాలామంది తమకు తెలియకుండానే లాగడం మొదలుపెడతారు. లోతుగా, మామూలు కంటే వేగంగా పీలుస్తారు. అలా కొన్ని నిమిషాలు చేస్తే రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి తల తేలిపోతుంది, వేళ్ళ చివర్లు చిమచిమలాడతాయి. దీనికి విరుగుడు చాలా మామూలుది. అరచేయి బొడ్డు కింద ఆనించి, అది పైకి లేచి కిందికి దిగడాన్ని మాత్రమే గమనించండి. ఊపిరి వదిలాక తర్వాతిది మీరు తీసుకోవద్దు, దానంతట అది వచ్చేదాకా ఆగండి. తప్పకుండా వస్తుంది. అప్పటికీ దిమ్ముగానే ఉంటే ఆ రోజుకి ఊపిరిని వదిలేసి, నేలకు ఆనిన పాదాలను గమనించండి. పదే పదే అలాగే అవుతుంటే ఒకసారి బీపీ చూపించుకోండి.

ఇక ఆలోచనలు. ‘అయ్యో, ఫీజు గురించి ఆలోచిస్తున్నా’ అని మీకు తెలిసిన ఆ క్షణమే సాధన. పది నిమిషాల్లో మనసు ముప్పై సార్లు పోయి ముప్పై సార్లు తిరిగి వచ్చిందంటే, ముప్పై సార్లు సాధన జరిగినట్టే. పోయినదానికి చిన్న పేరు పెట్టండి: ‘లెక్కలు’, ‘దిగులు’, ‘వంట’. పేరు పెట్టి వచ్చేయండి. ఎందుకు పోయింది, ఎవరివల్ల పోయింది అని విచారణ వద్దు. ఫీజు గుర్తొచ్చిందని లేచి కాగితం మీద రాసుకోవద్దు కూడా. నిజంగా ముఖ్యమైంది పది నిమిషాల తర్వాత కూడా గుర్తుంటుంది.

కూర్చునే పద్ధతి: పాత దుప్పటిని నాలుగైదు మడతలు వేసి పిరుదుల కిందకి మాత్రమే వచ్చేలా పెట్టుకోండి. మోకాళ్ళు తుంటి కంటే కిందికి వాలితే నడుము తనంతట తనే నిలబడుతుంది. మోకాళ్ళ నొప్పులుంటే ప్లాస్టిక్ కుర్చీ చాలు, వెనక్కి ఆనుకోకుండా కూర్చోండి. మంచం మీద మాత్రం వద్దు, నిద్ర ముంచుకొస్తుంది. కళ్ళు సగం తెరిచి, రెండు మూరల దూరంలో నేల మీద చూపు ఆనించండి. ఊపిరి వదిలినప్పుడల్లా ఒక అంకె, 1 నుంచి 10 దాకా, మళ్ళీ 1. లెక్క తప్పితే 1 దగ్గరికి రండి. ఉన్నట్టుండి చూసుకుంటే 17లో ఉంటారు ఒక్కోసారి. అప్పుడూ 1 దగ్గరికే.

మొదటి వారం 5 నిమిషాలు చాలు. ఆ తర్వాత వారానికి రెండు నిమిషాలు పెంచండి. రోజూ 5 నిమిషాలు కూర్చునేవాళ్ళు నిలబడతారు. ఆదివారం ఒక్కసారే ముప్పావు గంట కూర్చునేవాళ్ళు మూడో ఆదివారానికి మానేస్తారు. కాలు తిమ్మిరెక్కితే కదపండి, బిగబట్టుకుని కూర్చోవడంలో గొప్పేమీ లేదు. కాకపోతే కదిపే ముందు ఒక్క ఊపిరి ఆగి, ‘కదపాలనిపిస్తోంది’ అని గమనించి అప్పుడు కదపండి. కోపం వచ్చినప్పుడు నోరు జారకుండా కాపాడేది ఈ ఒక్క ఊపిరి అలవాటే.

టీవీ చూస్తూ తింటాను. ఎంత తిన్నానో కూడా తెలియదు. షుగర్ ఉంది. గమనిస్తూ తినమంటున్నారు, మొత్తం భోజనం అలా తినాలంటే గంట పడుతుంది కదా?
– విశ్రాంత ఉద్యోగి, ఒంగోలు

మొత్తం భోజనం వద్దు. మొదటి మూడు ముద్దలు చాలు. టీవీ కట్టేసి, ముద్ద చిన్నది చేసి, నోట్లో పెట్టుకున్నాక చేతిని పళ్ళెం అంచున ఆనించి ఉంచండి. అది మింగేదాకా తర్వాతి ముద్ద కలపవద్దు. అందరూ తప్పేది ఇక్కడే: నోరు మొదటి ముద్ద నములుతుంటుంది, చెయ్యి మూడో ముద్ద కలుపుతుంటుంది. ముళ్ళున్న చేపల పులుసు తినేటప్పుడు మన జిల్లాల్లో చిన్నపిల్లలు కూడా ఈ సాధన చక్కగా చేస్తారు. మాట్లాడరు, అటూ ఇటూ చూడరు. పప్పన్నం దగ్గరే మనకు నిర్లక్ష్యం.

పళ్ళెం సగమయ్యాక ఇంకోసారి చేయి ఆపి, కడుపు ఎంత నిండిందో చూసుకోండి. కడుపు నిండిన సంగతి పూర్తిగా తెలియడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది కాబట్టి, మారు వడ్డన అయిదు నిమిషాలు ఆగి అడగండి. షుగర్ మందు మాత్రం వేళకు వేసుకోవాల్సిందే. ఇది దానికి బదులు కాదు.

రొయ్యల చెరువు. పంట డెబ్బై రోజులకొచ్చింది. రాత్రి రెండు దాటితే నిద్రుండదు. ఆక్సిజన్ పడిపోద్దేమో, కరెంటు పోద్దేమో, వైట్‌స్పాట్ జబ్బు తగులుద్దేమో, రేటు ఏమవుద్దో. ఊపిరి చూస్తుంటే గుండె దడ ఇంకా ఎక్కువవుతోంది.
– రైతు, ఇందుకూరుపేట మండలం

మీకు ఊపిరి సాధన ఇప్పుడు పనికిరాదు. దిగులుతో ఛాతీ బిగుసుకున్న మనిషి ఊపిరినే చూస్తూ కూర్చుంటే ఆ బిగుతే పెద్దదై కనిపిస్తుంది. గమనికను శరీరం బయట పెట్టండి.

మీ మెలకువలో కొంత భాగం తెలివే, దాన్ని పోగొట్టుకోమని ఎవరూ చెప్పకూడదు. రాత్రి పూట నీళ్ళలోని నాచు ప్రాణవాయువును తయారు చేయదు. నాచు, రొయ్యలు, అడుగు బురద అన్నీ కలిసి ఉన్నదాన్ని వాడేస్తుంటాయి. అందుకే తెల్లవారే ముందు డీఓ, అంటే నీళ్ళలో కరిగి ఉన్న ప్రాణవాయువు, అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. 4 పీపీఎం కంటే దిగకుండా చూసుకోవడం మీ పని. రేటు గురించి ఆ వేళలో చేయగలిగిన పని మాత్రం ఏదీ లేదు.

కాబట్టి రాత్రి తొమ్మిదింటికి, భోజనం కాగానే, ఒక కాగితాన్ని రెండుగా మడవండి. ఎడమవైపు ఈ రాత్రి చేతిలో ఉన్నవి: జనరేటర్‌లో డీజిల్, ఏరియేటర్లు (నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఎన్ని తిరగాలి, డీఓ మీటర్ ఎక్కడుంది, ఎవరు ఎప్పుడు చూడాలి. కుడివైపు చేతిలో లేనివి: రేటు, జబ్బు, పక్క చెరువు కబుర్లు. ఎడమవైపు పనులు చేసేసి, రాత్రిలో చూడాల్సిన వేళలు రెండు పెట్టుకుని అలారం పెట్టండి. 2 గంటలకు ఒకసారి, నాలుగున్నరకు ఒకసారి అనుకుందాం. మధ్యలో మెలకువ వస్తే ‘నా వంతు నాలుగున్నరకు’ అని లోపల అనుకుని, వీపు నులకకు ఆనిన చోటును, తర్వాత మడమలను, పిక్కలను, తొడలను వరసగా పలకరించుకుంటూ పైకి రండి. కుడివైపు జాబితాలోది ఏదైనా లేస్తే, ‘ఇది కుడివైపుది’ అనండి. దానితో వాదన పెట్టుకోవద్దు.

చెరువు దగ్గరికి వెళ్ళినప్పుడు ఏరియేటర్ల చప్పుడు వినండి. నీళ్ళు కొట్టే చప్పుడు, మోటారు రొద, రెండూ విడివిడిగా వినబడేదాకా. ఇందులో అదనపు లాభం కూడా ఉంది. చెవి అలవాటైతే ఏ ఏరియేటర్ తేడాగా తిరుగుతోందో మీకే ముందు తెలుస్తుంది. గట్టు మీద ముప్పై అడుగులు నెమ్మదిగా నడిచి, ఏ పాదం నేలను తాకుతోందో చూసుకోండి. టార్చి వెలుగుతూనే ఉండాలి, కళ్ళు తెరిచే ఉండాలి. పాములు, జారే మట్టి, కరెంటు తీగలు ఉన్నచోట కళ్ళు మూసుకుని ధ్యానం చేయమనేవాడు చెరువు చూసినవాడు కాదు.

మూడు వారాలు దాటినా నిద్ర ఇలాగే పోతుంటే, లేదా అప్పుల వల్ల ‘ఇక చాలు’ అనిపిస్తుంటే, 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, 24 గంటలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

మైత్రీ భావనలో పడనివాళ్ళకి కూడా మంచి కోరమన్నారు. గట్టు తగాదాలో నాకూ మా తమ్ముడికీ మాటల్లేవు, కేసు నడుస్తోంది. కళ్ళు మూసుకుంటే వాడి మొహమే కనబడుతోంది. ‘నువ్వు చల్లగా ఉండాలి’ అనబోతే కడుపు మండిపోతోంది. మనసులో లేనిది అనడం అబద్ధం కాదా?
– రైతు, టంగుటూరు

మీరు చివరి మెట్టు మీద మొదటి అడుగు వేశారు. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడనే బౌద్ధ భిక్షువు రాసిన విశుద్ధిమార్గమనే గ్రంథంలో ఈ సాధనకు వరస చాలా కచ్చితంగా ఉంది. ఎవరితో మొదలుపెట్టాలో చెప్పడానికి ముందే ఎవరితో మొదలుపెట్టకూడదో చెప్పారు: మనకు గిట్టనివాళ్ళు, మరీ ప్రాణమైన స్నేహితులు, ఏ సంబంధమూ లేనివాళ్ళు, శత్రువులు. చనిపోయినవాళ్ళను అసలు పెట్టుకోవద్దన్నారు. మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ఆ చివరి దాని దగ్గర. పోయిన అమ్మను తలుచుకుని కూర్చుంటారు. మైత్రి రాదు, ఏడుపొస్తుంది. ఏడవడం తప్పని కాదు, అది వేరే పని.

మీ వరస ఇది. మొదట మీరు. తర్వాత బతికున్న, మీకు మేలు చేసిన ఒక పెద్దాయన: బడిలో చదువు చెప్పిన మాస్టారో, కష్టకాలంలో విత్తనాలు అప్పిచ్చిన మనిషో. తర్వాత దగ్గరివాళ్ళు. తర్వాత, ఇది చాలా ముఖ్యం, మీకు ఇష్టమూ అయిష్టమూ లేని మనిషి: రోజూ చూసే బస్సు కండక్టరు, పాల కేంద్రంలో కొలిచే అబ్బాయి. అది అయ్యాకే మీ తమ్ముడు. ఒక్కో మెట్టు మీద రెండు మూడు వారాలు ఉండండి. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి నెలలు పడితే పట్టనివ్వండి.

మాటలు నాలుగే, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దీవించే మాటలే:
‘నువ్వు చల్లగా ఉండాలి.
నీ ఒళ్ళు బాగుండాలి.
నీకు భయం లేకుండా ఉండాలి.
నీ ఇల్లు నెమ్మదిగా సాగాలి.’

ఊపిరి వదులుతూ ఒక మాట, తర్వాతి ఊపిరి ఖాళీగా, ఆ తర్వాతిది రెండో మాట. గబగబా జపంలా అంటే నాలుక తిరుగుతుంది, మనిషి కనబడడు. అందుకే మాటకు ముందు ఆ మనిషి మొహం గుర్తు చేసుకోండి, అది కూడా వాళ్ళు ఏదో పని చేసుకుంటున్నట్టు. మనిషికి మూడు నిమిషాలు, మొత్తం పది పన్నెండు నిమిషాలకు మించొద్దు.

అబద్ధం సంగతి. గుండె పొంగాలని ఈ సాధన అడగదు. కోరిక ఉంటే చాలు. మీ తమ్ముడు చేసింది న్యాయమని మీరు అనడం లేదు. ‘నీకు భయం లేకుండా ఉండాలి’ అంటున్నారు. నిజానికి గట్టు జరిపేవాళ్ళలో చాలామందిని జరిపించేది భయమే. భయం తగ్గిన మనిషితో రాజీ మాట్లాడటం మీకే తేలిక. ఈ మాటనైనా నిజాయితీగా అనగలరేమో చూడండి, మిగతా మూడూ తర్వాత.

కడుపు మండినప్పుడు మాటలు ఆపేయండి. మంట ఎక్కడుంది? పొట్ట పైభాగంలోనా, గొంతులోనా? ఎంత మేర ఉంది? ఒకచోటే ఉందా, కదులుతోందా? వాడు ఏం చేశాడన్న కథలోకి పోకుండా మంటను మాత్రమే చూస్తే కాసేపటికి దాని ఆకారం మారుతుంది. తర్వాత మాస్టారి దగ్గరికి వెనక్కి వెళ్ళండి. ఒకే రోజు మూడుసార్లు అలా మండితే ఆ రోజుకి తమ్ముడి జోలికి పోవద్దు. ఏం చేసినా మంట ఆగకపోతే అదే గ్రంథం చివరగా చెప్పిన ఉపాయం ఒకటుంది: ఆ మనిషికి ఏదైనా ఇవ్వమంది. సంక్రాంతికి పిల్లల చేత నాలుగు అరిసెలు పంపండి. తిరిగి రాకపోయినా, డబ్బా మాత్రమే తిరిగొచ్చినా లెక్కపెట్టుకోవద్దు.

కేసు మాత్రం నడవనివ్వండి. సర్వే చేయించండి, వాయిదాలకు వెళ్ళండి. మంచి కోరడానికీ నాలుగడుగుల నేల వదిలేయడానికీ సంబంధం లేదు. మైత్రీ భావన చేస్తున్నారు కదా అని ఎవరైనా ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే పెట్టకండి.

మా ఆయన తాగొచ్చి కొడతాడు. ‘నీ కోపాన్ని నువ్వు గమనించుకో, ప్రేమగా చూడు, మారతాడు’ అని మాకు తెలిసిన పెద్దావిడ అంటోంది. మీరూ అదే అంటారా?
– పేరు, ఊరు రాయవద్దన్నారు

అనం తల్లీ. దెబ్బలు ఓర్చుకోవడానికి వాడే సాధన ఇది కాదు. మీ భయాన్ని అణచకండి, వినండి. అతను ఏ అడుగు చప్పుడుతో వస్తే ఆ రాత్రి గొడవవుతుందో మీ ఒంటికి ముందే తెలుస్తుంది. అది తెలిసిన క్షణంలో పిల్లల్ని తీసుకుని పక్కింటికి వెళ్ళిపోవడమే ఆ గమనికకు సరైన వాడకం. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కు, రెండు జతల బట్టలు, కొంచెం డబ్బు ఒక సంచిలో సర్ది నమ్మకమైనవాళ్ళ ఇంట్లో ఉంచండి. వెంటనే సాయం కావాలంటే 112. మహిళల సహాయానికి 181. గృహహింస చట్టం 2005 ప్రకారం రక్షణ ఉత్తర్వు, ఆ ఇంట్లోనే ఉండే హక్కు, ఖర్చులు అడగవచ్చు. దెబ్బలు తగిలితే ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుని, ఎలా తగిలాయో ఉన్నదున్నట్టు రాయించండి.

మైత్రీ భావన చేయాలనిపిస్తే మీకోసం, మీ పిల్లలకోసం చేసుకోండి. అతన్ని ఆ వరసలోకి తేవాల్సిన బాధ్యత మీ మీద లేదు.

మా పాప నెల్లూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదువుతోంది. ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు. నేను మార్కులు అడుగుతాను, అది ‘ఊ’ అంటుంది. నేను గొంతు పెంచుతాను, టైం అయిపోతుంది. మళ్ళీ ఆదివారం దాకా నాకు మనసు మనసులో ఉండదు. నా ప్రేమ దానికెట్టా తెలియాలి?
– కిరాణా వ్యాపారి, సింగరాయకొండ

ఫోన్ రావడానికి ముందు అయిదు నిమిషాలు కొట్టు ఎవరికైనా అప్పజెప్పి లోపల కూర్చోండి. బేరం మధ్యలో ఎత్తిన ఫోన్‌లో బేరం గొంతే వస్తుంది. కూర్చుని ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ ఫోన్ నుంచి నాకేం కావాలి? నిజాయితీగా చూస్తే ‘ర్యాంకు బాగుందని వింటే నాకు ఈ వారం నిద్ర పడుతుంది’ అని తేలవచ్చు. అది మీ ఆకలి, పాపది కాదు. మైత్రికి దూరపు శత్రువు ద్వేషమనీ, దగ్గరి శత్రువు మమకారమనీ విశుద్ధిమార్గంలోనే ఉంది. దగ్గరిది ఎందుకు ప్రమాదమంటే, చూడటానికి అచ్చం మైత్రిలాగే ఉంటుంది. కన్నవాళ్ళ విషయంలో అది సాధారణంగా మార్కుల వేషంలో వస్తుంది.

మొదటి ప్రశ్న మార్కుల గురించి ఉండకూడదు. ‘బాగా చదువుతున్నావా’, ‘బాగున్నావా’ కూడా వద్దు, వాటికి ‘ఊ’ తప్ప జవాబు లేదు. ఆమె రోజులోంచి ఒక వస్తువో మనిషో పట్టుకోండి: ‘ఈ వారం ఉప్మా ఎట్టా ఉంది?’, ‘పక్క మంచం అమ్మాయికి జొరం తగ్గిందా?’. ఆమె మాట ఆగాక వెంటనే అందుకోవద్దు. రెండు ఊపిరులు ఆగండి. ఫోన్‌లో ఆ మౌనం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, అక్కడే తండ్రులు సలహా మొదలుపెడతారు. ఆగితే పిల్లలే ఇంకో మాట అంటారు, చాలాసార్లు అసలు సంగతి ఆ రెండో మాటలోనే ఉంటుంది. అప్పుడు ఆమె అన్నదాన్నే తిరిగి అనండి: ‘ఫిజిక్స్ సార్ అందరి ముందూ అట్టా అన్నాడా?’ అంతే. పరిష్కారం చెప్పవద్దు, ‘మా కాలంలో’ అసలే వద్దు.

పరీక్షల సంగతి అడగాల్సి ఉంటే ఏడో నిమిషం తర్వాత, ఒకే వాక్యంలో. చివరి నిమిషం మీది: ‘అమ్మ గోంగూర పచ్చడి పెట్టింది, పంపిస్తున్నాం. నీ గొంతు విన్నాను, అది చాల్లే నాన్నా.’

చెడేది ఎక్కడంటే, స్పీకర్ పెట్టి ఇంటిల్లిపాదీ చుట్టూ చేరడం దగ్గర. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడండి. ఇంకొక సంగతి, మొదటి రెండు మూడు ఆదివారాలు పాపకు అనుమానం వస్తుంది. ‘ఏంది నాన్నా, మార్కులు అడగలా, అమ్మకేమన్నా బాలేదా?’ అంటుంది. నవ్వి ఊరుకోండి.

ఒకవేళ ‘నాకు బతకాలని లేదు’ లాంటి మాట వినబడితే ఈ పద్ధతులన్నీ పక్కన పెట్టి అదే రోజు బయలుదేరి వెళ్ళండి. తిట్టకుండా, ఫీజు లెక్క ఎత్తకుండా ఇంటికి తీసుకురండి, డాక్టరుకు చూపించండి. దారిలో మాట్లాడటానికి 14416 ఉంది.

ఇది బౌద్ధుల పూజ అంటున్నారు మా ఇంట్లో. మేం ముస్లింలం. చేసుకోవచ్చా?
– డిగ్రీ విద్యార్థిని, నెల్లూరు

పుట్టుక బౌద్ధంలోనే, దాన్ని దాచక్కర్లేదు. ప్రకాశం జిల్లాలో గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో ఉన్న స్తూపం దగ్గర రెండు వేల ఏళ్ళ కిందట భిక్షువులు ఉండేవాళ్ళు, ఈ సాధనలు మన నేలకు కొత్తవి కావు. అయితే ఇందులో పూజ లేదు, విగ్రహం లేదు, మంత్రం లేదు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ కబాట్ జిన్ అనే ఆయన, తగ్గని నొప్పులతో బాధపడే రోగుల కోసం ఏ మతంతోనూ ముడిపెట్టకుండా కొన్ని వారాల శిక్షణగా దీన్ని మలిచారు. ఇప్పుడు ఆసుపత్రుల్లో నేర్పేది ఎక్కువగా ఆ దారిదే.

మీ ఊళ్ళోనే మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ జరుగుతుంది కదా. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి, అదే కోరిక ఉన్నవాళ్ళకు ఇస్తారు. ఇచ్చేవాళ్ళకు పుచ్చుకునేవాళ్ళ పేరూ తెలియదు, మతమూ తెలియదు. పైన టంగుటూరు రైతుగారికి చెప్పిన ‘ఏ సంబంధమూ లేని మనిషి’ మెట్టు సరిగ్గా అదే. నాలుగు మాటలనూ మీరు దువాగా మార్చుకుని అల్లాను అడగండి, వరస మాత్రం అదే ఉంచండి. నమాజు కాగానే లేవకుండా ఇంకో అయిదు నిమిషాలు కూర్చుంటే వేరే వేళ వెతుక్కోనక్కర్లేదు.

ఒంగోలు నుంచి నెల్లూరుకు రోజూ రైల్లో ఉద్యోగం. కూర్చోవడానికి సీటే దొరకదు, ధ్యానానికి చోటెక్కడ?
– బ్యాంకు ఉద్యోగి

నిలబడే చేయండి. ఒక చేయి పైన పట్టుకుని, మోకాళ్ళు బిగించకుండా కొంచెం వదులుగా ఉంచి, పెట్టె ఊగినప్పుడల్లా బరువు ఏ పాదం మీదికి మారుతోందో చూడండి. బండి ఆగిన ప్రతి స్టేషన్‌నూ గంట మోగినట్టుగా వాడుకోండి: సింగరాయకొండ, కావలి, బిట్రగుంట... ఆగినప్పుడల్లా ఫోన్ దించి మూడు ఊపిరులు. పడుగుపాడు దాటి పెన్నా వంతెన ఎక్కగానే చక్రాల చప్పుడు మారుతుంది, వంతెన అయిపోయేదాకా అది వినడమే పని. టీ అమ్ముకుంటూ వచ్చే మనిషి మీకు రోజూ దొరికే ‘ఏ సంబంధమూ లేని మనిషి’. అతను మీ ముందు నుంచి దాటేలోపు ఒక్క మాట అనుకోవడానికి వ్యవధి ఉంటుంది. జేబు, పర్సు సంగతి మాత్రం మరవకండి.

‘నేను చల్లగా ఉండాలి’ అని నాకు నేను అనుకోలేకపోతున్నాను. సిగ్గుగా ఉంటుంది, గొంతు పూడుకుపోతుంది. మిగతా అందరికీ అనగలను.
– అంగన్‌వాడీ కార్యకర్త, ఆత్మకూరు

మీకే కాదమ్మా, ఈ మెట్టు దగ్గర ఆగిపోయేవాళ్ళు చాలామంది. నలుగురికీ పెట్టి తినే అలవాటున్న ఆడవాళ్ళు మరీను. పాత వరసలో ‘నేను’ మొదటే ఉన్నా, మీరు మార్చుకోండి. మీకు మేలు చేసిన మనిషితో మొదలుపెట్టి మూడు నిమిషాలు చేయండి. తర్వాత ఆ మనిషే మీ ఎదురుగా కూర్చుని ‘నువ్వు చల్లగా ఉండాలమ్మా’ అంటున్నట్టు అనుకోండి. మీరు అనక్కర్లేదు, వింటే చాలు. అరచేయి గుండె మీద ఆనించి పెట్టుకోండి, ఆ వెచ్చదనం తెలిసేదాకా. రెండు నిమిషాలకు మించొద్దు.

ఏడుపొస్తే రానివ్వండి. కళ్ళు తెరిచి, గదిలో కనబడే అయిదు వస్తువుల పేర్లు చెప్పుకుని, మంచినీళ్ళు తాగండి. ఆ రోజుకి సాధన అయినట్టే. రెండు వారాలపాటు రోజూ ఏడుపే వస్తూ, ఆకలి, నిద్ర కూడా తగ్గితే అది సాధనతో తీరేది కాదు, ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గర చూపించుకోవాలి.

కూర్చోని వేళల్లో కూడా ఒక పని చేయండి. రాత్రి ఇంట్లో అందరికీ వడ్డించే ముందే మీ వంతు కూర ఒక గిన్నెలో తీసి మూతపెట్టండి. ఎవరైనా మారు అడిగినా అది తీయకండి. మొదటి వారం చెయ్యి దానంతటదే ఆ గిన్నె వైపు పోతుంది. పోయిందని చూసుకుని, మూత అలాగే ఉంచండి.